గేటు దించేటప్పుడు

పెన్న మీది సోమశిల ఆనకట్టలో గేట్లు ఎత్తారని తెలిస్తే చాలు, ఆత్మకూరు నుంచి వెళ్లే రోడ్డు తిరునాళ్ల రోడ్డయిపోతుంది. బైకు మీద ముగ్గురేసి, ఆటోల్లో పిల్లాజెల్లా. సగం మంది నీళ్లు చూడ్డానికి వస్తారు, సగం మంది ఫోన్లో తమని తాము చూసుకోడానికి. ఈ రెండు సగాల్లోనూ చేరని కొద్దిమంది మాత్రం భుజాన విసురు వల వేసుకుని, కాపలావాళ్ల కంటపడకుండా కింద రాళ్ల మీదికి దిగుతారు.

వాళ్లు వల ఎక్కడ విసురుతారో కాసేపు నిలబడి చూడండి. నీరు విరుచుకుపడే చోట విసరరు. నిలవ నీటిలోనూ విసరరు. తెల్లటి నురగ అంచున, పరుగెత్తే నీరూ సుడి తిరిగి కాస్త నెమ్మదించిన నీరూ ఒకదాన్నొకటి రాసుకునే సన్నటి గీత ఒకటి ఉంటుంది. వల సరిగ్గా దాని మీద విచ్చుకుంటుంది. చేప అక్కడే నిలబడుతుంది. ఒళ్లు అలవకుండా నెమ్మది నీటిలో ఆగి, పక్కన పరుగెత్తే నీరు మోసుకొచ్చే తిండిని అందుకుంటుంది. ఈ సంగతి పుస్తకాల్లో చాలా పేజీలు తీసుకుంటుంది. వాళ్లకు ఒక్క చూపు చాలు.

అలా వల ఆరబెట్టుకుంటున్న ఒక పెద్దాయనతో మాట కలిపితే, "ఎత్తినప్పుడు ఊరంతా వస్తాది సామీ. దించినప్పుడు ఎవురూ రారు. మాకు అసలు పని అప్పుడే" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆనకట్టలు చేపలకు మేలా కీడా అనే వాదం వచ్చినప్పుడల్లా మనం గేట్లు ఎత్తడం గురించీ, నీళ్లు ఆపడం గురించీ మాట్లాడతాం. దించే ఆ కొద్ది గంటల గురించి ఎవరూ మాట్లాడరు. పెన్నలో చేపకు జరిగే నష్టంలో మనం తేలిగ్గా తగ్గించగలిగింది అక్కడే ఉందని నా అభిప్రాయం. అయితే దానికి ముందు రెండు పక్షాలూ వినాలి. రెండిట్లోనూ నిజం ఉంది.

ముందు చేప సంగతి. ఒక రాగండిని చేతిలోకి తీసుకుని చూడండి. మొప్ప మూత దగ్గర మొదలై తోక దాకా పక్కన చుక్కలు చుక్కలుగా ఒక గీత సాగుతుంది. పొలుసు గీకేటప్పుడు కత్తికి అడ్డం రాదు గనక మనం దాన్ని పట్టించుకోం. ఒక్కో చుక్కా ఒక్కో రంధ్రం. లోపల వెంట్రుకల్లాంటి కణాలు నీటి ఒత్తిడికి అటూ ఇటూ వంగుతాయి. చీకట్లోనూ బురద నీటిలోనూ ప్రవాహం ఎటు నుంచి వస్తోందో, ఎంత వడిగా వస్తోందో చేపకు అలా తెలుస్తుంది. మన ఉపఖండపు వాగుల్లో పుట్టి ఇప్పుడు ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటికీ చేరిన జీబ్రా చేప పిల్లల మీద చేసిన పరిశోధన ఒకటి 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. పుట్టి కొద్ది రోజులైన పిల్లలు సైతం చిమ్మచీకట్లో తమ చుట్టూ నీటి వేగంలో తేడాలను పసిగట్టి ప్రవాహానికి ఎదురు తిరుగుతాయని అది తేల్చింది. ఎదురు తిరగడం చేపకు పుట్టుకతో వచ్చిన బుద్ధి. నీటి వడి దాని శక్తిని మించితే మాత్రం కొట్టుకుపోతుంది.

జలాశయంలో ఉన్న చేపకు ఈ లెక్కన రెండు పిలుపులు వినిపిస్తాయి. ఒకటి పైనుంచి. కడప జిల్లాలో కుందూ, పాపాఘ్ని, చెయ్యేరు కలిసిన పెన్న పొంగి సోమశిల వెనక జలాల్లోకి ఎర్రగా దిగినప్పుడు, కడుపుతో ఉన్న పెద్ద చేపలు ఆ నీటికి ఎదురు పోతాయి. రెండో పిలుపు కింద నుంచి. గేటు తెరిచినప్పుడు, తూము లాగినప్పుడు ఆ దరి నీరంతా అటు జరుగుతుంది. ఈత సరిగా రాని పిల్లలు దాని వెంట పోతాయి. పెద్దవాటిలోనూ కొన్ని పోతాయి. పైకి పోయినవి వరద తగ్గాక వెనక్కి రాగలవు. గేటు దాటి కిందికి దిగినవి మళ్లీ పైకి రావు. చేప ఎక్కి పోయే దారి అక్కడ లేదు.

ఇక ఆనకట్ట పక్షం. నెల్లూరులో పుట్టి పెరిగిన వాడెవడైనా ఏప్రిల్ నెల పెన్నను తలుచుకోవాలి. నది అంటే ఇసుక. ఆ ఇసుకలో అక్కడక్కడా మడుగులు, మడుగుల్లో గేదెలు. కర్ణాటకలోని నందికొండల దగ్గర పుట్టి 597 కిలోమీటర్లు నడిచి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసే ఈ నదికి దారి పొడుగునా దొరికేది కరువు సీమే. ఆనకట్టలు లేని కాలంలోనూ ఎండాకాలం చేపలు మడుగుల్లో తలదాచుకున్నవే. వాలుగ, కొరమేను, జెల్ల, బొమ్మిడాయి వంటివి అలాంటి బతుకుకు అలవాటు పడినవి. బొచ్చె, రాగండి వంటి పెద్ద నీటి చేపలకు అది కష్టకాలం. అలాంటి చోట 78 టీఎంసీలు పట్టే సోమశిల వచ్చింది. 1975లో పని మొదలై పద్నాలుగేళ్లకు ఒక రూపానికి వచ్చింది. దాని నుంచి వరద కాలువ మీదుగా నీరందుకునే కండలేరు మరో 68 టీఎంసీలు. మడుగులో వేసవి గడిపే చేపకు ఇది సముద్రమే.

పైగా జలాశయంలో మట్టం పెరిగి తగ్గడం అన్నిసార్లూ చేటు కాదు. వేసవిలో నీరు వెనక్కి పోయిన నేల మీద గడ్డి మొలుస్తుంది, గొర్రెలు మేస్తాయి, పెంట పడుతుంది, కొన్ని చోట్ల దోస పాదులూ పెడతారు. మళ్లీ నీరొచ్చి అదంతా మునిగితే కుళ్లిన గడ్డి నుంచి సూక్ష్మజీవులు, వాటిని తినే పురుగులు, వాటి వెనక చేపలు. జలాశయం నిండిన తరవాతి నెలల్లో చేప ఒళ్లు చేసేది అందుకే. ఏడాదంతా ఒకే మట్టంలో ఉండే నీటికి ఆ ఎరువు దొరకదు. నెల్లూరు చేపల మార్కెట్లో "డ్యాం చేపా, గుంట చేపా?" అని అడిగి మరీ కొనేవాళ్లు ఉన్నారు. గుంట చేపకు ఒక్కోసారి వచ్చే మట్టి వాసన డ్యాం చేపకు ఉండదని వాళ్ల నమ్మకం. నమ్మకంలో నిజం ఉంది. నిలవ నీటిలో పెరిగే కొన్ని రకాల నాచు, సూక్ష్మజీవులు విడిచే పదార్థమే ఆ వాసనకు కారణం. మామిడికాయ ముక్కలు వేసి ముందురోజు రాత్రి పెట్టిన పులుసులో ఆ తేడా కూడా కనిపెడతామనే వాళ్లతో మాత్రం నేను వాదించను.

గేటు దాటి కిందికి పోయిన చేప పోయినట్టేనా? సోమశిలలో లైసెన్సు కట్టి వల వేసుకునే వాడికి పోయినట్టే. కానీ ఆ నీరు సంగం దగ్గరా నెల్లూరు దగ్గరా కాలువల్లోకి మళ్లి కనిగిరి రిజర్వాయరుకూ అల్లూరు వైపు చెరువులకూ చేరుతుంది. దానితోపాటు చేపపిల్లలూ చేరతాయి. చెరువు వేలం పాడుకున్న వాడికి అవి ఉచితంగా వచ్చిన పిల్లలు. ఒకడి నష్టం ఇంకొకడి లాభం. నదిని మొత్తంగా చూసే వాడికి ఇది పెద్ద తప్పుగా కనిపించదు.

అవతలి పక్షం ఇంకా పాతది. పెన్నకు అడ్డం మొదటిసారి కట్టింది సోమశిల కాదు. నెల్లూరు ఆనకట్ట 1850ల నాటిది, సంగం ఆనకట్ట 1880ల నాటిది. ఆ కాలంలోనే, 1873లో, మద్రాసు సైన్యంలో వైద్యుడిగా వచ్చి చేపల శాస్త్రవేత్తగా మారిన ఫ్రాన్సిస్ డే, భారత్, బర్మాల మంచినీటి చేపల మీద ప్రభుత్వానికి పెద్ద నివేదిక ఇచ్చాడు. దక్షిణాది ఆనకట్టలు చేపల రాకపోకలను ఆపేస్తున్నాయనీ, దారులు పెట్టాలనీ అందులో మొత్తుకున్నాడు. గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర పులస ఆగిపోయే తీరు మనకందరికీ తెలుసు. ఎర్రనీరు సముద్రంలోకి పోగానే దాని వాసన పట్టుకుని ఎదురీదే చేప, గోడ దగ్గర తల కొట్టుకుని వలలో పడుతుంది. 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక గంగ ఎగువన పులస దాదాపు మాయమైంది. పెన్నకు అంత పేరున్న చేప లేదు గనక దాని కోసం ఏడ్చేవాళ్లూ లేరు. కానీ పండుగప్ప ఉంది, నీలకంఠ రొయ్య ఉంది. నీలకంఠ రొయ్య మంచినీటిలో పెరిగి, పిల్లలు చేసేందుకు ఉప్పునీటి దగ్గరికి దిగుతుంది. పిల్లలు కాస్త ఎదిగాక మళ్లీ పైకి పాకుతాయి. పండుగప్పది దానికి దగ్గరి కథే. కింద గుడ్లు, పైన పెంపకం. ఈ రెండిటికీ నది అంటే రెండు వైపులా తెరిచి ఉన్న తలుపు. ఆ తలుపు మూసుకుని నూట డెబ్బై ఏళ్లు దాటింది.

రెండో ఆరోపణ గుడ్ల గురించి. బొచ్చె, రాగండి, ఎర్రమోసు గుంటలో ఎంత మేపినా తమంత తాము గుడ్లు పెట్టవు. కొత్త వరద, పారే నీరు, మునిగిన గడ్డి అంచు కావాలి. బెంగాల్లో బాంకురా, మేదినీపూర్ ప్రాంతాల్లో పూర్వం ఒక ఉపాయం ఉండేది. పల్లంలో కట్ట వేసి తల్లి చేపల్ని వదిలేవాళ్లు. పెద్ద వాన పడి మెరక నీరు ఒక్కసారి దూకితే ఆ రాత్రే చేపలు గుడ్లు పెట్టేవి. 1957లో హీరాలాల్ చౌధురి ఒడిశాలో పీయూష గ్రంథి సారాన్ని సూది మందుగా ఇచ్చి ఆ వానతో పని లేకుండా చేశాడు. జూలై 10ని చేపల రైతుల దినంగా జరుపుకునేది అందుకే. నెల్లూరు గుంటల్లో ఇవాళ ఈదే బొచ్చె పిల్లలన్నీ ఆ సూదికి వారసులే.

పెన్న విషయంలో ఇక్కడొక చిక్కుంది. దీన్ని ఆనకట్టల మీద కోపంతో మాట్లాడేవాళ్లు దాటేస్తుంటారు. ఈ చేపలు గుడ్లకు సిద్ధమయ్యేది నైరుతి వానల్లో, జూన్ నుంచి ఆగస్టు లోపు. పెన్న అసలు పొంగేది అక్టోబరు, నవంబరుల్లో, ఈశాన్యపు తుపాన్లకు. అప్పటికి చాలా చేపల కడుపులో గుడ్లు ఒంట్లోకే ఇంకిపోయి ఉంటాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, వెలుగోడు, బ్రహ్మంసాగర్ల మీదుగా కృష్ణ నీరు వస్తుంది నిజమే. కానీ అది చాలా మటుకు కాలువ నీరు. మట్టం పెంచుతుంది, వరద కాలేదు. చైనాలో త్రీ గోర్జెస్ ఆనకట్ట నుంచి 2011 మొదలు అక్కడి నాలుగు రకాల పెద్ద చేపలు గుడ్లు పెట్టే కాలంలో కావాలని కృత్రిమ వరద వదులుతున్నారు. మనమూ అలా చేయాలనే వాళ్లున్నారు. యాంగ్జీలో ఆ కాలానికి నీరుంటుంది. జూలైలో సోమశిలలో చాలా ఏళ్లు మిగిలేది అడుగు నీరు. చెన్నైకి తాగునీరు పోగా, నారుమళ్లకు నీరివ్వడమే గండంగా ఉన్నప్పుడు, చేప గుడ్ల కోసం వరద వదలమని నేనైతే అడగలేను. ఆ పని విత్తన క్షేత్రాలే చేయాలి, చేస్తున్నాయి కూడా.

సముద్రపు మొగ సంగతి ఇంకా జటిలం. నదిలోంచి తీపి నీరు రాకపోతే మొగలో ఇసుక పేరుకుంటుంది, ఉప్పు పైకి ఎక్కుతుంది, పీతలు, రొయ్యలు, చేపపిల్లలు పెరిగే చోటు పాడవుతుంది. మైపాడు వైపు చిన్న పడవల వాళ్లు వరద ఏడాదికీ కరువు ఏడాదికీ వేటలో తేడా చెబుతారు. ఆ మాట కొట్టిపారేయదగ్గది కాదు. కానీ ఏడాది పొడుగునా ఐదొందల క్యూసెక్కులు వదిలితే మొగ తెరుచుకుంటుందా? అది సగం దారిలోనే ఇసుకలో ఇంకుతుంది, మిగిలిన సగం మోటార్లు లాగేస్తాయి. మొగను తెరిచేది పెద్ద వరదే. గంగకు 2018 అక్టోబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చి, ఎగువ భాగంలో కాలాన్ని బట్టి 20 నుంచి 30 శాతం ప్రవాహం నదిలోనే ఉంచాలంది. అది గంగకే. పెన్నకు అదే శాతం అంటే, ఏడాదిలో ఎక్కువ నెలలు సున్నాలో ముప్పై శాతం. పెన్న మొగకు ఏమి చేయాలో చెప్పే వాదాలు రెండు వైపులా విన్నాను. ఒక్కటీ నన్ను ఒప్పించలేదు.

వరద ఏళ్ల మాటకొస్తే 2021 నవంబరును వదిలి మాట్లాడలేం. 19వ తేదీన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. ఆ నీరంతా సోమశిల మీద పడింది. కిందికి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వదలాల్సి వచ్చింది. పడుగుపాడు దగ్గర హైవే తెగింది, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. కోవూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటలు నదిలో కలిశాయి. అలాంటి రాత్రి గేటు దగ్గర నిలబడ్డ ఇంజినీరుకు చేప గురించి చెప్పబోయే వాడు మనిషి కాడు. గేట్లు ఎప్పుడు, ఎంత ఎత్తాలన్నది మనుషుల ప్రాణాల లెక్క. అక్కడ చేపకు ఓటు లేదు, ఉండకూడదు.

దించడం వేరు. వరద తగ్గాక, లోపలికి వచ్చే నీరు పడిపోయాక, గేట్లు మూసే రోజు వస్తుంది. గండం గడిచింది, సిబ్బంది నిద్ర లేక ఉన్నారు, త్వరగా మూసేసి ఇళ్లకు పోవాలని ఉంటుంది. కొద్ది సేపట్లో వేల క్యూసెక్కులు వందలకు పడిపోతే నది అంచు గబగబా వెనక్కి జరుగుతుంది. పెద్ద చేప లోతుకు పోతుంది. పిల్ల చేప ఉండేదే అంచున, పల్చటి నీటిలో, గడ్డి నీడన. దానికి నీరు పోతోందని తెలిసే లోపే చుట్టూ ఇసుక తేలుతుంది. పెద్దాయన చెప్పిన 'అసలు పని' ఇదే. మోకాలి లోతు గుంటలో వేళ్లంత పిల్లలు కుతకుతలాడుతుంటాయి. ఊరి పిల్లలు వాటిని దోమతెర గుడ్డతో దేవేస్తారు. దేవగా మిగిలినవి మర్నాడు ఎండకు తెల్లగా తేలతాయి, కొంగలు దిగుతాయి.

జలవిద్యుత్తు కోసం నీటిని రోజూ పెంచీ తగ్గించీ వాడే నార్వేలో దీని మీద చాలా పరిశోధన జరిగింది. అక్కడి ట్రౌట్ పిల్లలు చిక్కుకుపోకుండా ఉండాలంటే మట్టం గంటకు 10 సెంటీమీటర్ల కంటే వేగంగా తగ్గకూడదని 2003లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. స్విట్జర్లాండు 2011 నుంచి అమలులో ఉన్న చట్టంతో, ఇలాంటి హెచ్చుతగ్గుల నష్టాన్ని సరిచేయడానికి తన జలవిద్యుత్తు కేంద్రాలకు 2030 గడువు పెట్టింది. చల్లటి గులకరాళ్ల ఏట్లో పెరిగే ట్రౌట్ లెక్క వెచ్చటి ఇసుక నదిలోని జెల్లకూ బెడిసకూ అచ్చంగా సరిపోతుందని నేననను. అంచున ఉండే పిల్ల, వెనక్కి పోయే నీరు, ఈ రెండూ మాత్రం ఎక్కడైనా ఒకటే.

దీనికి ఇంజినీర్ల జవాబు నేను ఊహించగలను, అది న్యాయమైనదే. నెమ్మదిగా దించడం అంటే నీరు ఎక్కువ పోవడం. లెక్క వేద్దాం. ఐదు వేల క్యూసెక్కులను ఒక్కసారి కాకుండా పది గంటల్లో సమంగా సున్నాకు దించితే, అదనంగా పోయేది 9 కోట్ల ఘనపుటడుగులు. అంటే 0.09 టీఎంసీ. నిండు సోమశిలలో వెయ్యింట ఒక వంతుకు కాస్త పైన. టీఎంసీకి పది వేల ఎకరాలు అనే నోటి లెక్కన చూస్తే తొమ్మిది వందల ఎకరాల నీరు. రైతు ముందు ఈ అంకెను చిన్నదని అనడానికి ధైర్యం కావాలి. కరువు ఏట, కాలువల కోసం తూముల గుండా నదిలోకి వదిలే నీటి విషయంలో నేను ఆ ధైర్యం చేయను. అక్కడ రైతుదే పైచేయి.

క్రస్ట్ గేట్లు ఎత్తిన ఏట మాత్రం లెక్క మారుతుంది. అప్పుడు జలాశయం నిండుగా ఉంటుంది. నెమ్మదిగా దించడంలో పోయే నీరు పూర్తిగా పోదు కూడా. 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైన సంగం బ్యారేజీ ఒకటి, అదే రోజు ప్రారంభమైన నెల్లూరు బ్యారేజీ ఒకటి, దిగువన కాసుకుని ఉన్నాయి. పాత ఆనకట్టల మీదుగా దొర్లిపోయే నీటిని ఇప్పుడు గేట్లతో పట్టుకోవచ్చు. అంటే చేపకు కావలసిన పది గంటలను సోమశిల ఇస్తే, ఆ నీటిలో చాలా భాగాన్ని సంగం తిరిగి దాచుకుంటుంది. నూట డెబ్బై ఏళ్లుగా చేపకు అడ్డుగోడలైనవాటి వారసులే ఈ ఒక్క విషయంలో దానికి పనికొచ్చేట్టున్నాయి.

ఇంకో అభ్యంతరం, గేటును కొద్దికొద్దిగా తెరిచి ఉంచితే అదిరి పాడవుతుందని. కొన్ని స్థాయిల్లో అది నిజం. దానికి అన్ని గేట్లనూ కొంచెం కొంచెం దించనక్కర్లేదు. ఒక్కో గేటునూ పూర్తిగా మూసుకుంటూ, మధ్యలో గంటో రెండు గంటలో ఆగుతూ పోతే సరి. కొత్త యంత్రం అక్కర్లేదు, కొత్త బడ్జెట్టు అక్కర్లేదు.

అందుకే నీటిపారుదల శాఖ వారికీ మత్స్యశాఖ వారికీ ఒక మనవి. ఈసారి సోమశిల గేట్లు ఎత్తితే, మూసే రోజున విడతలు విడతలుగా మూసి చూడండి. మర్నాడు పొద్దున్నే గేట్ల కింద నుంచి సంగం దాకా నది అంచున గుంటల్లో ఎన్ని పిల్లలు చిక్కాయో ఇద్దరు మనుషుల్ని పెట్టి లెక్కించండి. ఆ తరవాతి వరదకు ఒక్కసారిగా మూసి, అవే గుంటల దగ్గర మళ్లీ లెక్కించండి. రెండు అంకెల మధ్య తేడా లేదని తేలితే నా వాదం తప్పని ఇదే పత్రికలో రాస్తాను.